పిచ్చి మోతలా? పిచ్చి గీతలా? ఫ్రీ జాజ్, ఆధునిక చిత్రకళ: పక్కపక్కన పెట్టి చూద్దాం

ఇది అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి ఇంకో ఎపిసోడ్. వీడియోకి డేటా సరిపోనివాళ్లు, బస్సులో సౌండ్ పెట్టలేనివాళ్లు చదువుకోవడానికి మాట్లాడిందంతా ఇక్కడ పెడుతున్నాం.

ఇవాళ రెండు విషయాలు. ఒకటి ఫ్రీ జాజ్. అందులో పల్లవి ఉండదు, చరణం ఉండదు, తాళం ఎక్కడ మొదలైందో దొరకదు. ఎవరికి తోచింది వాళ్లు వాయిస్తున్నట్టు ఉంటుంది. రెండోది ఆధునిక చిత్రకళ, అందులోనూ అబ్‌స్ట్రాక్ట్ పెయింటింగ్. మనిషి ఉండడు, చెట్టు ఉండదు. రంగు డబ్బాలు ఒలికిపోయినట్టు ఉంటుంది.

రెండింటికీ మన దగ్గర ఒకటే రియాక్షన్ వస్తుంది. "ఇదేం కళ? మా ఇంట్లో మూడేళ్ల పాప చేతికిస్తే ఇంతకంటే బాగా చేస్తుంది!" నవ్వుకుంటాం, స్క్రోల్ చేసేస్తాం. ఇంకో రకం వాళ్లు కూడా ఉంటారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా "అబ్బ, ఎంత లోతుందో" అని తల ఊపుతారు. నన్నడిగితే ఈ ఇద్దరిలో ఎవరూ నిజంగా విననూ లేదు, చూడనూ లేదు.

ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పేది ఒక్కటే. కళలో ఒక పాత రూల్ తీసేస్తే ఆ ఖాళీ అలాగే ఉండిపోదు. ఆ రూల్ చేసే పనిని ఇంకేదో చెయ్యాలి. ఆ "ఇంకేదో" కనిపెట్టగలిగితే, ఏది స్వేచ్ఛో ఏది ఒట్టి గోలో మీరే చెప్పగలరు. ఎవరి సర్టిఫికెట్టూ అక్కర్లేదు.

ఒక రికార్డు, దాని అట్ట మీద ఒక బొమ్మ

ఈ రెండు కళల్ని కలిపి మాట్లాడటం నేను మొదలుపెట్టింది కాదు. ఒక రికార్డు అట్ట మీదే అవి కలిసి ఉన్నాయి.

1960 డిసెంబర్ 21, న్యూయార్క్. ఆర్నెట్ కోల్‌మన్ అనే నల్లజాతి సాక్సఫోన్ కళాకారుడు మరో ఏడుగురితో స్టూడియోలోకి వెళ్లాడు. మామూలుగా జాజ్ క్వార్టెట్ అంటే నలుగురు. ఆయన రెండు క్వార్టెట్లు పెట్టాడు. ఒక నలుగురు ఎడమ స్పీకర్‌లో, ఇంకో నలుగురు కుడి స్పీకర్‌లో వినిపిస్తారు. ఎడమవైపు కోల్‌మన్, ట్రంపెట్ మీద డాన్ చెర్రీ, బాస్ మీద స్కాట్ లఫారో, డ్రమ్స్ మీద బిల్లీ హిగ్గిన్స్. కుడివైపు బాస్ క్లారినెట్ మీద ఎరిక్ డాల్ఫీ, ట్రంపెట్ మీద ఫ్రెడ్డీ హబ్బర్డ్, బాస్ మీద చార్లీ హేడెన్, డ్రమ్స్ మీద ఎడ్ బ్లాక్‌వెల్. ఆగకుండా 37 నిమిషాలు వాయించారు. 1961లో ఆ రికార్డు వచ్చింది. దాని పేరే "ఫ్రీ జాజ్". తర్వాత ఆ రకం సంగీతం మొత్తానికీ అదే పేరు స్థిరపడింది.

ఆ రికార్డు అట్టకి ఒక కిటికీ కోసి ఉంటుంది. అందులోంచి ఒక పెయింటింగ్ ముక్క కనిపిస్తుంది. అట్ట తెరిస్తే బొమ్మ మొత్తం బయటపడుతుంది. అది జాక్సన్ పోలాక్ 1954లో వేసిన "వైట్ లైట్". ఇప్పుడు న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఉంది. పోలాక్ అంటే కాన్వాస్‌ని నేల మీద పరిచి, చుట్టూ తిరుగుతూ, పుల్లతోనో గట్టిపడిన బ్రష్‌తోనో రంగు చిమ్మిన ఆయన.

రికార్డు వచ్చాక పెద్ద లొల్లి అయింది. డౌన్‌బీట్ అని అమెరికాలో జాజ్‌కి పేరున్న పత్రిక. 1962 జనవరిలో ఈ ఒక్క రికార్డుకి రెండు రివ్యూలు పక్కపక్కన వేసింది. ఒకాయన ఐదు స్టార్లు ఇచ్చాడు. ఇంకొకాయన ఒక్క స్టార్ కూడా ఇవ్వలేదు. అదే పత్రిక, అదే రికార్డు. కాబట్టి మొదటిసారి వినగానే మీకు తల తిరిగితే కంగారు పడొద్దు. జీవితమంతా జాజ్ విన్నవాళ్లకే తిరిగింది.

ఆర్నెట్ ఏం తీసేశాడు?

కీబోర్డ్ నేర్చుకుంటున్నవాళ్లకి కార్డ్ అంటే తెలుసు. మూడు నాలుగు స్వరాలు కలిపి ఒకేసారి నొక్కుతాం కదా, అది. అంతకుముందు జాజ్‌లో ఒక పాట తీసుకునేవాళ్లు. దానికి ఒక కార్డుల వరస ఉంటుంది. ఆ వరస గుండ్రంగా తిరుగుతూ ఉంటే, దాని మీద ఒక్కొక్కరు తమ సొంత స్వరాలు అల్లేవాళ్లు. స్వరాలు సొంతమే. కాకపోతే కింద వరస ఎప్పుడు మారితే అప్పుడు మీరూ మారాలి. అది రోడ్డు లాంటిది. బండి మీ ఇష్టం, మలుపులు మాత్రం రోడ్డువి.

ఆర్నెట్ ఆ రోడ్డునే తీసేశాడు. ముందే రాసి పెట్టిన కార్డుల వరస అక్కర్లేదు అన్నాడు. మరి ఎటు వెళ్లాలి? పక్కవాడు ఎటు వెళ్తున్నాడో విని, దాన్నిబట్టి వెళ్లాలి.

మన బరాత్‌లు గుర్తు చేసుకోండి. తీన్‌మార్ నడుస్తూ ఉంటుంది. ఒక డప్పు దెబ్బ తప్పకుండా పట్టుకుని ఉంటే, ఇంకొకాయన దాని మీద తన విన్యాసాలు చేస్తాడు. ఎదురుగా ఒకడు ఊపందుకుని ఆడుతుంటే వాడి అడుగుని చూసి దెబ్బ మారుస్తాడు. ఇప్పుడు ఆ పట్టుకున్న డప్పు కూడా వదిలేసిందనుకోండి. అందరూ ఒకరినొకరు చూసుకుంటూ, వింటూ, ఆ క్షణంలోనే దారి వెతుక్కోవాలి. ఒక్కడు వినడం మానేసినా మొత్తం చెడుతుంది. అంటే రోడ్డు తీసేశాక పని తగ్గలేదు, పెరిగింది. చెవికి డ్యూటీ డబుల్ అయింది.

ఇంకో సంగతి. "ఫ్రీ జాజ్" రికార్డులో ముందే అనుకున్నది అసలు లేదనుకుంటే పొరపాటు. అందరూ కలిసి వాయించే చిన్న చిన్న ముక్కలు ముందే సిద్ధం చేసినవి. అవి మధ్యలో వచ్చి, ఇప్పుడు ఇంకొకరి వంతు అని చెబుతాయి. ముందు ఊదే వాయిద్యాల వంతు, తర్వాత బాస్‌లు, చివర డ్రమ్స్. ఒకరు వాయిస్తుండగా మిగతావాళ్లు మధ్యలో మాట కలపొచ్చు. మన అరుగు మీద కబుర్లలో ఒకరు కథ చెబుతుంటే పక్కవాళ్లు "ఆ, తర్వాత?" "అట్ల కాదు" అంటూ ఉంటారు చూడండి, అలా.

చిత్రకారులు ఏం తీసేశారు?

ఇప్పుడు బొమ్మల వైపు వద్దాం. చాలాకాలం పాటు పెయింటింగ్‌కి కార్డుల వరస లాంటిది ఒకటి ఉండేది. అదే కనిపించే వస్తువు. చెట్టు వేస్తే చెట్టులా ఉండాలి. ఆకుపచ్చ రంగు ఎక్కడ పెట్టాలో చెట్టే చెబుతుంది.

1911 జనవరిలో రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీ జర్మనీలోని మ్యూనిక్‌లో ఒక కచేరీకి వెళ్లాడు. షోన్‌బర్గ్ అనే స్వరకర్త సంగీతం అది. యూరప్ సంగీతంలో ఎప్పటినుంచో ఉన్న శ్రుతి కట్టుబాట్లని వదిలేస్తున్న మనిషి ఆయన. కచేరీ విన్న కాండిన్‌స్కీ దాని మీద ఒక బొమ్మ వేశాడు. పెద్ద పసుపు రంగు పరుచుకుని ఉంటుంది, మధ్యలో నల్లటి ఆకారం. పియానో అనుకుంటే పియానో. తర్వాత ఇద్దరికీ ఉత్తరాలు నడిచాయి. కాండిన్‌స్కీ తన బొమ్మల వరసలకి పెట్టిన పేర్లలో ఒకటి "ఇంప్రొవైజేషన్". అప్పటికప్పుడు అల్లింది అని. సంగీతం మాటనే తీసుకెళ్లి బొమ్మకి పెట్టాడు.

ఆయన దారి ఇది: సంగీతానికి చెట్టూ పుట్టా అక్కర్లేదు. వట్టి స్వరాలే మనల్ని ఏడిపిస్తాయి, నవ్విస్తాయి. అలాంటప్పుడు వట్టి రంగులూ గీతలూ ఆ పని ఎందుకు చెయ్యకూడదు?

ఇక్కడా అదే జరిగింది. చెట్టు తీసేశాక ఆకుపచ్చ ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్లు లేరు. పక్కనున్న ఎరుపుని చూసి పెట్టాలి. ఈ మూల బరువెక్కితే ఆ మూల ఏదో ఒకటి నిలబెట్టాలి. కంటికి డ్యూటీ డబుల్.

పోలాక్ దీన్ని ఇంకా ముందుకి తీసుకెళ్లాడు. 1950లో హాన్స్ నమూత్ అనే ఫోటోగ్రాఫర్ ఆయన పని చేస్తుండగా సినిమా తీశాడు. చూస్తే చెయ్యి గాలిలోనే తిరుగుతూ ఉంటుంది, రంగు దారంలా జారుతూ ఉంటుంది. రంగు ఎంత పల్చగా ఉండాలి, చెయ్యి ఎంత వేగంగా కదలాలి, ఎంత ఎత్తు నుంచి వదలాలి, ఇవన్నీ ఆయన చేతిలో ఉన్నాయి. ఇంట్లో ముగ్గు వేసేవాళ్లని గమనించండి. వేళ్ల మధ్యనుంచి పిండి ఎంత జారాలో చేతికి తెలుసు. కొత్తగా వేసేవాళ్లకి అది ముద్దలు ముద్దలుగా పడుతుంది. తేడా అక్కడుంది.

పోలిక ఎక్కడ చెడుతుంది?

ఇంతవరకూ రెండూ కవలపిల్లల్లా ఉన్నాయి కదా. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. అసలు ఆసక్తికరమైన సంగతి తేడాల్లో ఉంది.

మొదటిది, ఆ అట్ట మీది చుట్టరికమే సగం మనం కలిపింది. పోలాక్ 1956 ఆగస్టులో కారు ప్రమాదంలో పోయాడు. "ఫ్రీ జాజ్" రికార్డింగ్ జరిగింది నాలుగేళ్ల తర్వాత. పోలాక్ జాజ్ పిచ్చోడే. గంటల తరబడి వినేవాడు. కానీ ఆయన రికార్డుల్లో ఉన్నది లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, డ్యూక్ ఎల్లింగ్‌టన్, కౌంట్ బేసీ లాంటివాళ్లు. అంటే తాళం ఖచ్చితంగా దొరికే, కాలు ఆడించబుద్ధయ్యే పాత జాజ్. బొమ్మలు కొత్తవి, వినే పాటలు పాతవి!

రెండోది, చెరపడం. పెయింటర్‌కి టైమ్ ఉంటుంది. రాత్రి వేసింది పొద్దున నచ్చకపోతే మీద ఇంకో పొర వెయ్యొచ్చు. వారం రోజులు గోడకి ఆనించి చూడొచ్చు. సాక్సఫోన్‌లోంచి బయటికొచ్చిన స్వరాన్ని వెనక్కి పిలవలేం. తప్పు స్వరం పడితే దాన్ని తుడిచే దారి లేదు. తర్వాతి స్వరంతో దాన్ని ఒప్పు చెయ్యాలి. అందుకే ఇంప్రొవైజేషన్‌లో అసలు పరీక్ష తప్పు పడ్డ తర్వాతి రెండు సెకన్లలో ఉంటుంది.

మూడోది, ఒంటరితనం. పోలాక్ తన షెడ్డులో ఒక్కడే పని చేశాడు. ఆర్నెట్ పక్కన ఏడుగురున్నారు. పెయింటర్ తన చేతికి తానే జవాబుదారీ. ఫ్రీ జాజ్ ఆర్టిస్ట్ పక్కవాడికి కూడా జవాబుదారీ.

నాలుగోది డబ్బు, రంగు. ఇది కొంచెం కష్టమైన మాట, అయినా చెప్పాలి. పోలాక్ పెయింటింగ్ ఒకటి 2006లో సుమారు 14 కోట్ల డాలర్లకి చేతులు మారిందని వార్తలొచ్చాయి. పెయింటింగ్ ఒక వస్తువు. దాన్ని కొనొచ్చు, దాచొచ్చు, రేటు పెంచొచ్చు. ఆ రాత్రి వాయించిన సంగీతం ఆ రాత్రే గాల్లో కలిసిపోతుంది. ఆర్నెట్ టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో పుట్టిన పేదింటి పిల్లవాడు. లాస్ ఏంజెలిస్‌లో లిఫ్ట్ ఆపరేటర్‌గా పని చేస్తూ, ఆ లిఫ్ట్‌లోనే సంగీతశాస్త్రం పుస్తకాలు చదువుకున్నాడు. ఆయన మొదట్లో వాయించిన ఆల్టో సాక్సఫోన్ ప్లాస్టిక్‌ది. 1959 నవంబర్‌లో న్యూయార్క్‌లోని ఫైవ్ స్పాట్ అనే క్లబ్‌లో వాయిస్తే ఊరు ఊరంతా మాట్లాడుకుంది, చిత్రకారులు కూడా వచ్చి విన్నారు. అయినా కొన్నేళ్లకే, తన పనికి తగ్గ డబ్బు రావడం లేదని 1962 చివర్లో కచేరీలు ఆపేసి, సుమారు రెండేళ్లు బయటికి రాలేదు.

అది ఏ కాలమో కూడా చూడండి. 1960 ఫిబ్రవరిలో గ్రీన్స్‌బరో అనే ఊళ్లో నలుగురు నల్లజాతి విద్యార్థులు, తెల్లవాళ్లకి మాత్రమే అన్న హోటల్ కౌంటర్ దగ్గర కూర్చుని లేవమన్నారు. అదే ఏడాది చివర్లో ఈ రికార్డింగ్. అప్పుడు అమెరికాలో ఒక నల్లజాతి కళాకారుడి నోట "ఫ్రీ" అనే మాట వస్తే దాని బరువు వేరు. ఒక తెల్ల చిత్రకారుడి బొమ్మ అట్ట మీద ఉంటేనే "ఇది కూడా సీరియస్ కళే" అని జనం ఒప్పుకోవాల్సి రావడంలో ఒక బాధ ఉంది. ఆర్నెట్‌కి పులిట్జర్ బహుమతి వచ్చింది 2007లో. అప్పటికి ఆయనకి 77 ఏళ్లు.

చిత్తూరు నుంచి ప్యారిస్ దాకా

ఇప్పుడు మనవాళ్ల దగ్గరికి వద్దాం. ఈ కథలో ఒక తెలుగాయన ఉన్నాడు. మనలో చాలామందికి ఆయన పేరే తెలీదు.

కృష్ణా రెడ్డి. 1925లో చిత్తూరు దగ్గర నందనూరులో పుట్టాడు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువుకున్నాడు. మద్రాసు కళాక్షేత్రలో పాఠాలు చెప్పాడు. తర్వాత లండన్, అక్కడి నుంచి ప్యారిస్. అక్కడ స్టాన్లీ విలియం హేటర్ అనే ఆయన నడిపే "అటెలియే 17" అనే ప్రింట్ వర్క్‌షాప్‌లో చేరాడు. తర్వాత అందులో హేటర్‌తో పాటు డైరెక్టర్ కూడా అయ్యాడు.

యుద్ధం వల్ల 1940లో హేటర్ ఈ వర్క్‌షాప్‌ని న్యూయార్క్‌కి మార్చాడు. 1950లో మళ్లీ ప్యారిస్ తెచ్చాడు. న్యూయార్క్‌లో ఉన్నప్పుడు, 1944-45లో, అక్కడికి వచ్చి లోహపు రేకుల మీద గీతలు చెక్కినవాళ్లలో ఒకరెవరో తెలుసా? జాక్సన్ పోలాక్. అంటే "ఫ్రీ జాజ్" అట్ట మీది ఆయనా, మన చిత్తూరాయనా ఒకే గురువు బల్ల దగ్గర పని చేసినవాళ్లు, కాకపోతే వేరే ఊళ్లో, వేరే సంవత్సరాల్లో. హేటర్ ఏం నేర్పేవాడంటే, ఏ బొమ్మ రావాలో ముందే అనుకోకుండా గీతని నడవనివ్వమని. చెక్కే పనిముట్టుని ఒక చేత్తో తోస్తూ ఇంకో చేత్తో రేకుని తిప్పుతుంటే, గీత మీరు అనుకోని వైపు తిరుగుతుంది. తిరిగిన గీతకి మీరు జవాబు చెప్పాలి. ఇది వింటే ఆర్నెట్ గుర్తు రావట్లేదూ?

కృష్ణా రెడ్డికి ప్రపంచంలో పేరు తెచ్చింది విస్కాసిటీ ప్రింటింగ్. తోటివాళ్లతో కలిసి ఆయన దాన్ని రూపొందించాడు. సింపుల్‌గా చెప్తాను. మామూలుగా నాలుగు రంగుల ప్రింట్ కావాలంటే నాలుగు రేకులు కావాలి, ఒకదాని తర్వాత ఒకటి అద్దాలి. ఈయన ఒకే రేకుని వేర్వేరు లోతుల్లో చెక్కాడు. రంగుల్లో నూనె పాళ్లు మార్చాడు. ఒకటి జారుడుగా, ఒకటి చిక్కగా. మెత్తటి రోలర్ లోతుల్లోకి దిగుతుంది, గట్టి రోలర్ పైపైన పోతుంది. నూనె ఎక్కువున్న రంగు పడిన చోట చిక్కటి రంగు అంటుకోదు. అలా రంగులు కలిసి బురదైపోకుండా, పక్కపక్కనే నిలబడతాయి. ఒకే రేకు, ప్రెస్‌లో ఒకే తిప్పు, అన్ని రంగులూ ఒకేసారి.

ఇందులో ఎంత లెక్క ఉందో అంత అనుకోనిదీ ఉంది. నూనె కాస్త మారితే ఇంకో బొమ్మ వస్తుంది. 1963 నాటి ఆయన "వర్ల్‌పూల్" చూడండి. నీళ్లు సుడి తిరుగుతున్నట్టు ఉంటుంది, ఆ సుడి లోపల రంగులు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. 1968లో ప్యారిస్ విద్యార్థుల ఉద్యమం చూసి "డెమాన్‌స్ట్రేటర్స్" చేశాడు.

పెయింటింగ్‌కీ కచేరీకీ మధ్య దూరం ఉందన్నాం కదా. కృష్ణా రెడ్డి పని ఆ రెండింటి మధ్యలో ఉంది. రేకు మారదు, అది కృతి లాంటిది. రంగు పట్టించడం మాత్రం ప్రతిసారీ కొత్త, అది కచేరీ లాంటిది. ఒకే రేకు మీంచి వేర్వేరు రంగుల్లో వేర్వేరు ప్రింట్లు వస్తాయి. ఒకే కీర్తనని ఒకే విద్వాంసుడు రెండు ఊళ్లలో రెండు రకాలుగా పాడినట్టు. ఆయన తర్వాత న్యూయార్క్‌లో స్థిరపడి పాఠాలు చెప్పాడు. 1972లో పద్మశ్రీ వచ్చింది. 2018లో అక్కడే కన్నుమూశాడు.

మరి మన సంగీతం?

అప్పటికప్పుడు అల్లడం మనకి కొత్త కాదు. కర్ణాటక సంగీతంలో దాన్ని మనోధర్మం అంటారు. ఆలాపన తీసుకోండి. మాటల్లేవు, తాళం లేదు. పూర్తిగా ఫ్రీ కదా? కాదు. రాగం హద్దు దాటితే ముందు వరసలో కూర్చున్న తాతగారు అక్కడే ముఖం చిట్లిస్తారు. తాళం తీసేసిన చోట ఆ పని రాగం చేస్తోంది.

ఆర్నెట్ పుట్టింది 1930 మార్చిలో. అదే ఏడాది జులైలో తూర్పుగోదావరి శంకరగుప్తంలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ పుట్టాడు. ఈయనా తీసేసిన మనిషే. రాగానికి కనీసం ఐదు స్వరాలు ఉండాలని పెద్దలు గట్టిగా పట్టుబట్టేవాళ్లు. ఈయన నాలుగే స్వరాలతో మహతి, లవంగి లాంటి రాగాలు కట్టాడు. మహతిలో స, గ, ప, ని. అంతే. లవంగిలో స, రి, మ, ద. వీటి మీద పెద్ద వివాదాలే నడిచాయి. స్వరాలు తగ్గించాక మిగిలిన నాలుగు స్వరాలూ ఎంత బరువు మోయాలో ఆయన పాట వింటే తెలుస్తుంది. ప్రతి స్వరాన్నీ ఒంపి, సాగదీసి, ఊపి పాడాలి. లేకపోతే అది హారన్ మోతే.

ఇంకొకాయన పాలకొల్లు కుర్రాడు, మాండలిన్ శ్రీనివాస్. 1969లో పుట్టాడు. 1983లో, అంటే 14 ఏళ్ల వయసులో, బెర్లిన్ జాజ్ ఫెస్టివల్‌లో ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించాడు. తర్వాత జాజ్ గిటారిస్ట్ జాన్ మెక్‌లాఫ్లిన్‌తో "రిమెంబర్ శక్తి" బృందంలో ప్రపంచం తిరిగాడు. అది ఫ్రీ జాజ్ కాదు, అందులో తాళం గట్టిగా ఉంటుంది. కానీ జాజ్ శ్రోతలు ఈ కుర్రాణ్ని వెంటనే ఎందుకు గుర్తుపట్టారంటే, రాగం తెలియకపోయినా, ఒకడు ఇంకొకణ్ని వింటూ జవాబు చెప్తున్నాడన్న సంగతి చెవికి తెలుస్తుంది. దానికి భాష అక్కర్లేదు.

మూడేళ్ల పాప ప్రశ్న

సరే, మొదటి ప్రశ్నకి రండి. "మా పాప కూడా చేస్తుంది." దీన్ని అమెరికాలో ఇద్దరు సైకాలజిస్టులు నిజంగానే పరీక్షించారు. ఏంజెలీనా హాలీ-డోలన్, ఎలెన్ విన్నర్, 2011లో. పేరున్న అబ్‌స్ట్రాక్ట్ చిత్రకారుడి బొమ్మ ఒకటి, దాని పక్కన చిన్నపిల్లలో కోతులో ఏనుగులో వేసిన బొమ్మ ఒకటి పెట్టి విద్యార్థులకి చూపించారు. కొన్నిసార్లు పేర్లు తారుమారు చేసి కూడా పెట్టారు. గుడ్డిగా చెబితే సగం సార్లు కరెక్ట్ అవ్వాలి. విద్యార్థులు అంతకంటే ఎక్కువసార్లు చిత్రకారుడి బొమ్మనే ఎంచుకున్నారు. ఆర్ట్ చదవనివాళ్లు కూడా. అలా అని ప్రతిసారీ కరెక్ట్‌గా చెప్పలేదు. అంటే మీ ప్రశ్న మరీ తెలివితక్కువది కాదు, కానీ సమాధానం "కాదు" వైపే ఉంది.

సంగీతంలో ఇంకో గమ్మత్తు. 1966లో ఆర్నెట్ "ది ఎంప్టీ ఫాక్స్‌హోల్" అని రికార్డు చేశాడు. డ్రమ్స్ వాయించింది ఆయన కొడుకు డెనార్డో. వయసు 10 ఏళ్లు! జాజ్ వాళ్లకి కోపం వచ్చింది. ఆర్నెట్ ఎందుకలా చేశాడు? అలవాట్లు ఇంకా గట్టిపడని చెయ్యి ఎలా వింటుందో ఆయనకి కావాలి. ఆ రికార్డు అట్ట మీద ఈసారి పోలాక్ బొమ్మ లేదు. ఆర్నెట్ తానే వేసిన పెయింటింగ్ పెట్టాడు. డెనార్డో ఆ తర్వాత కూడా తండ్రితో వాయిస్తూ వచ్చాడు. పులిట్జర్ వచ్చిన "సౌండ్ గ్రామర్" రికార్డులో డ్రమ్స్ ఆయనవే. కాబట్టి పిల్లలు చెయ్యగలరా అంటే, మొదలుపెట్టగలరు. 40 ఏళ్లు నిలబెట్టుకోవడం వేరే పని.

మీరు ఎలా వినాలి, ఎలా చూడాలి

నాలుగు చిన్న పనులు చెప్తాను.

ఒకటి. ఇయర్‌ఫోన్స్ రెండూ పెట్టుకోండి. "ఫ్రీ జాజ్" ఎడమ చెవిలో ఒక బృందం, కుడి చెవిలో ఒక బృందం. ఒక్క చెవితో వింటే సగం సంభాషణే వింటారు. మొదటి పది నిమిషాలు ఒకే మనిషిని పట్టుకోండి. చార్లీ హేడెన్ బాస్ అనుకోండి, కుడివైపు, అడుగున. మిగతా వాళ్లని పోనివ్వండి. అబ్దుల్లాపూర్‌మెట్‌లో బస్సెక్కి మొదలుపెడితే హయత్‌నగర్ మీదుగా ఎల్బీ నగర్ వచ్చేసరికి రికార్డు పెద్దభాగం అయిపోతుంది. ట్రాఫిక్ ఉంటే పూర్తిగా అయిపోతుంది.

రెండు. బొమ్మ ముందు ఒక నిమిషం ఆగండి. "ఇది ఏంటి?" అని అడగొద్దు. "నా కన్ను మొదట ఎక్కడికి పోయింది, తర్వాత ఎటు పోయింది?" అని అడగండి. ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేట్‌లో మారి, మాదాపూర్ స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌కి ఒకసారి వెళ్లండి. ఏ ప్రదర్శన ఉంటే అది చూడండి. ఫోన్ స్క్రీన్ మీద బొమ్మ సైజూ తెలీదు, రంగు మందమూ తెలీదు.

మూడు. ఏం తీసేశారో వెతకండి. తర్వాత ఆ ఖాళీలో ఏం పని చేస్తోందో వెతకండి. ఎంత వెతికినా ఏమీ దొరకలేదా? అప్పుడు అది ఒట్టి గోలే కావచ్చు. ఫ్రీ అని పేరు పెట్టుకున్నవన్నీ గొప్పవి కావు. ఇందులోనూ చెత్త ఉంది, బోలెడంత.

నాలుగు. నచ్చకపోతే నచ్చలేదని చెప్పండి. డౌన్‌బీట్‌లో సున్నా ఇచ్చినాయన కూడా మొత్తం రికార్డు విన్నాడు. 15 సెకన్లకి స్క్రోల్ చేసి ఇచ్చిన సున్నాకీ, 37 నిమిషాలు కూర్చుని ఇచ్చిన సున్నాకీ తేడా ఉంది. రెండోది అభిప్రాయం.

నాకు ఇందులో ముఖ్యంగా అనిపించేది ఇది. మన ఫోన్లో వచ్చే ప్రతిదీ మనకి ముందే నచ్చినదాన్నిబట్టి వస్తోంది. రోడ్డు వాళ్లే వేస్తున్నారు, మలుపులు వాళ్లే పెడుతున్నారు. రోడ్డు లేని చోట పది నిమిషాలు నిలబడి, పక్కవాడు ఏమంటున్నాడో వినడం అనేది సంగీతానికి మాత్రమే పనికొచ్చే అలవాటు కాదు. క్లాసులో, ఇంట్లో, ఆఫీసు మీటింగ్‌లో కూడా అదే చెవి కావాలి.

ఈ వారం ఒక్కటి చెయ్యండి. "ఫ్రీ జాజ్" పూర్తిగా విని, అందులో మీరు ఏ వాయిద్యాన్ని పట్టుకుని వెళ్లారో, ఎక్కడ తప్పిపోయారో కామెంట్లో రాయండి. నచ్చలేదు అన్నా సరే, ఏ నిమిషం దగ్గర విసుగొచ్చిందో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో వాటి మీద మాట్లాడుకుందాం.